క్లబ్‌లోకి కొత్త సభ్యుల్ని ఎలా ఆహ్వానించాలి: మొదటి పిలుపు నుంచి మూడో నెల దాకా

"జూలైలో ఎనిమిది మందిని చేర్చుకున్నాం. దసరా నాటికి ఇద్దరే వస్తున్నారు. ఎక్కడ పొరపాటు జరిగింది?"

హైదరాబాదులో లయన్స్, రొటరీ, వాసవి, జేసీ లాంటి సేవా క్లబ్‌లలో ఏ సెక్రటరీని కదిలించినా కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న అడుగుతారు. ప్రమాణ స్వీకారం బాగానే జరిగి ఉంటుంది. శాలువా కప్పారు, పిన్ను పెట్టారు, ఫొటో దిగారు. ఆ మర్నాటి నుంచే అసలు ఇబ్బంది. కొత్తాయనకు ఎవరూ ఫోన్ చేయలేదు. రెండో మీటింగ్‌కి వస్తే పాతవాళ్లంతా తమ తమ కుర్చీల్లో గుంపులుగా కూర్చున్నారు. ఆయన చివరి వరుసలో కూర్చుని, భోంచేసి వెళ్లిపోయాడు. మూడో మీటింగ్‌కి రాలేదు. రాలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

కొత్తగా వచ్చినవాళ్లకు పక్కన కూర్చునే మనిషి ఒకరు ఉండాలి, చేతిలో ఒక పని ఉండాలి, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ తెలిసి ఉండాలి. కింద రాసినదంతా ఈ మూడూ కుదిరేలా చేసుకునే ఏర్పాటే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక్కో కొత్త సభ్యుడికి లేదా సభ్యురాలికి:

- పరిచయం చేసి తెచ్చిన సభ్యుడు, అంటే స్పాన్సర్.
- స్పాన్సర్ కాకుండా ఇంకో "తోడు" సభ్యుడు. ఎవరిని పెట్టాలో 4వ మెట్టులో చెబుతాం.
- క్లబ్ పిన్ను ఒకటి, అదనంగా ఇంకొకటి. వెనకాల బిగించే చిన్న బిళ్ల మొదటి వారంలోనే ఎక్కడో జారిపోతుంది.
- పేరు బ్యాడ్జి. పేరు పెద్ద అక్షరాల్లో, రెండు మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. క్లబ్ ముద్ర చిన్నదైనా ఫరవాలేదు. పట్టుచీరకు సూది పిన్ను గుచ్చితే నేత పోతుంది కాబట్టి అయస్కాంతం బ్యాడ్జి నయం. అయితే గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అయస్కాంతం బ్యాడ్జి పెట్టకూడదు. ముందే అడగండి.
- ఒక్క పేజీ కాగితం: మీటింగ్ రోజులు, చోటు, బోర్డు సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, చందా వివరం, రాబోయే మూడు నెలల కార్యక్రమాల తేదీలు. ఇరవై పేజీల పుస్తకం ఇస్తే ఎవరూ తెరవరు.
- సభ్యత్వ ఫారం, రసీదు పుస్తకం.

1. మీటింగ్‌కి కాదు, ముందు పనికి పిలవండి

మొదటిసారే మీటింగ్‌కి పిలిస్తే ఆ మనిషి చూసేది ఏమిటి? గత సమావేశపు మినిట్స్ చదవడం, ముఖ్య అతిథి పరిచయం, వందన సమర్పణ. అది చూసి క్లబ్ మీద మనసు పడేవాళ్లు తక్కువ. అదే రక్తదాన శిబిరానికో, బడి పిల్లల కంటి పరీక్షలకో, ఎండాకాలమైతే చలివేంద్రానికో రమ్మనండి. ఒక పూట చేతులు కలిపి పని చేస్తే క్లబ్ ఏమిటో ఆయనకు తెలుస్తుంది, ఆయన ఎలాంటివాడో మీకూ తెలుస్తుంది.

ఒక కార్యక్రమం, ఆ తర్వాత ఒక మీటింగ్. ఈ రెండూ చూశాకే ఫారం చేతికివ్వండి. మొదటి రోజే ఫారం తీస్తే ఏదో స్కీములో చేర్పిస్తున్నారేమోనని అనుమానం వస్తుంది.

పిలుపు ఇలా పంపవచ్చు:

"నమస్కారం అండి. ఈ ఆదివారం ఉదయం 8 నుంచి 11 దాకా మా క్లబ్ తరఫున బడిలో పిల్లలకు కంటి పరీక్షలు చేయిస్తున్నాం. పేర్లు రాసుకోవడానికి ఒకరి సాయం కావాలి. మీరు వస్తే బాగుంటుంది. టిఫిన్ అక్కడే. లొకేషన్ పంపుతున్నాను. నేను గేటు దగ్గరే ఉంటాను."

చివరి మాట తప్పకుండా రాయండి. తెలియని చోటికి ఒక్కరే నడిచి రావడమే చాలామందికి కష్టం. గేటు దగ్గర ఎదురుచూసే మనిషి ఉంటాడని తెలిస్తే సగం బెరుకు పోతుంది. రాశాక నిజంగానే అక్కడ ఉండండి.

మీటింగ్‌కి పిలిచేటప్పుడు మన ఊరి ట్రాఫిక్కును లెక్కలో పెట్టుకోవాలి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మనిషిని వారం మధ్యలో సాయంత్రం 6:30కి హిమాయత్‌నగర్ రమ్మంటే రాలేడు. ఒకసారి వచ్చినా రెండోసారి రాడు. వీలైతే మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే చోటు చూడండి. మియాపూర్–ఎల్బీ నగర్ మార్గం, నాగోల్–రాయదుర్గం మార్గం కలిసేది అమీర్‌పేటలో కాబట్టి అటూ ఇటూ ఉన్నవాళ్లకు ఆ చుట్టుపక్కల వీలు. ఆషాఢమాసపు ఆదివారాల్లో గోల్కొండ, సికింద్రాబాద్, లాల్ దర్వాజా వైపు బోనాలుంటాయి. అనంత చతుర్దశి నాడు ట్యాంక్ బండ్ చుట్టూ నిమజ్జనం. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ ముస్లిం సభ్యులు రాలేరు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సాయంత్రాలు నాంపల్లి వైపు నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీ. కొత్తవాళ్ల మొదటి మీటింగ్ ఈ రోజుల్లో పడకుండా చూసుకోండి.

2. డబ్బు సంగతి, సమయం సంగతి ఫారం కంటే ముందే మాట్లాడండి

కొత్తవాళ్లు మానేయడానికి ఎక్కువసార్లు కారణం ఇక్కడే పుడుతుంది. "చందా ఒక్కటే సార్, ఇంకేం లేదు" అని చేర్చుకుంటారు. రెండో నెలలో అన్నదానానికి ఇంత, మూడో నెలలో ఇన్‌స్టలేషన్‌కి (కొత్త ప్రెసిడెంట్ బాధ్యత చేపట్టే సభకి) ఇంత, నాలుగో నెలలో కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్. అప్పటికి ఆ మనిషికి ఎక్కువ కష్టం కలిగించేది డబ్బు కాదు, ఆ సంగతి ముందే చెప్పకపోవడం.

కాగితం మీద వేటికవి విడివిడిగా రాసి చూపించండి:

- ప్రవేశ రుసుము, ఒక్కసారే.
- ఏడాది చందా. అందులో అంతర్జాతీయ సంస్థకు ఎంత, డిస్ట్రిక్ట్‌కి (మన ప్రాంతపు క్లబ్‌లన్నీ కలిసిన విభాగానికి) ఎంత, మన క్లబ్‌కి ఎంత.
- మీటింగ్ భోజనం చందాలో కలిసిందా, వచ్చినప్పుడల్లా విడిగా ఇవ్వాలా.
- కుటుంబంతో వస్తే ఎంత.
- కార్యక్రమాల చందాలు. ఇవి ఇష్టమైతేనే అని స్పష్టంగా రాయండి.

రొటరీలో పాల్ హారిస్ ఫెలో, లయన్స్‌లో మెల్విన్ జోన్స్ ఫెలో గుర్తింపులు వెయ్యి డాలర్ల విరాళానికి ఇచ్చేవి. సభ్యత్వానికి అవి షరతు కాదు. కొత్తవాళ్లు మీటింగ్‌లో ఆ సన్మానాలు చూసి, తమ వంతు ఎప్పుడొస్తుందోనని లోలోపల భయపడతారు. అడగక ముందే చెప్పేయండి.

ఇంకో జాగ్రత్త. సభ్యత్వ చందా విరాళం కాదు కాబట్టి దానికి 80జీ పన్ను మినహాయింపు వస్తుందని మాట ఇవ్వకండి. మీ క్లబ్‌కి 80జీ నమోదు ఉన్న ట్రస్టు ఉంటే, ఆ ట్రస్టుకు ఇచ్చిన విరాళం లెక్క వేరు, రసీదు వేరు. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో తీసుకోండి.

తర్వాత సమయం. నెలకు ఎన్ని గంటలు? ఉదాహరణకు రెండు మీటింగులు, ఒక కార్యక్రమం అంటే ప్రయాణంతో కలిపి పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఆ అంకె చెప్పండి. ఇంట్లో వాళ్లకు ఇష్టమేనా అనీ అడగండి. ఆదివారం పొద్దున్నే బయటికి వెళ్లే మనిషి మీద ఇంట్లో గొడవ మొదలైతే ఆ సభ్యత్వం నిలవదు.

ఆపైన ఈ నాలుగూ అడిగి, జవాబులు రాసుకోండి:

- ఏ పని చేయాలని ఉంది?
- ఏ పని అసలు వద్దు? కొందరికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. కొందరికి మైకు అంటే వణుకు.
- ఏ రోజుల్లో, ఏ వేళల్లో వీలు?
- క్లబ్ నుంచి మీరేం ఆశిస్తున్నారు?

చివరిదానికి కొందరు "పరిచయాలు పెరుగుతాయని" అంటారు. తప్పేం లేదు. పరిచయాలు పెరుగుతాయి, కానీ మీటింగ్‌లో పాలసీలు, ప్లాట్లు అమ్మడం కుదరదని అప్పుడే మర్యాదగా చెప్పండి. చేరాక చెబితే అవమానంగా తీసుకుంటారు.

లయన్స్, రొటరీల్లో జూన్ 30న క్లబ్ సంవత్సరం ముగుస్తుందని, సంఖ్య చూపించడానికి బంధువుల పేర్లు రాసి, ఎవరో ఒకరు జేబులోంచి చందా కట్టేసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. పన్నెండు మంది కాగితం సభ్యులుంటే మీటింగ్‌లో పన్నెండు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు మొదట కనబడేవి ఆ ఖాళీ కుర్చీలే.

3. ఫారం, బోర్డు ఆమోదం

ఫారంలో పేరు ఎలా రాయాలో, ఎలా పిలవాలో రెండూ అడగండి. ఫోన్, ఇల్లు ఏ ప్రాంతం, పుట్టినరోజు, రక్తం గ్రూపు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి. ఇవి చాలు. ఆధార్ నకలు అవసరం లేదు, అడగకండి. ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టడానికి ఇష్టమేనా అన్న ప్రశ్న పక్కన "అవును, కాదు" గడులు పెట్టండి.

బోర్డు నిర్ణయం రెండు వారాలు దాటకూడదు. నెల రోజులు జవాబు లేకపోతే తమను వద్దనుకున్నారని అనుకుంటారు. ఆమోదం రాగానే ప్రెసిడెంట్ స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. మెసేజ్ సరిపోదు.

సంస్థ జాబితాలో పేరు ఎక్కించడం సెక్రటరీ పని. రొటరీలో 30 రోజుల్లోగా నమోదు కావాలి. మిగతా క్లబ్‌లూ ఇదే గడువు పెట్టుకుంటే మంచిది. నమోదయ్యాక పేరు స్పెల్లింగ్ ఒకసారి ఆ మనిషికే చూపించండి. తప్పు పేరుతో ధ్రువపత్రం వస్తే మార్పించడానికి నెలలు పడుతుంది.

4. "తోడు" సభ్యుడిని కుదర్చండి

స్పాన్సర్ ఉన్నాడు కదా, మళ్లీ తోడెందుకు అని అడుగుతారు. స్పాన్సర్ పాత స్నేహితుడు. ఆయన ఊళ్లో లేని రోజు కొత్త మనిషికి క్లబ్‌లో ఇంకెవరూ తెలియరు. తోడు ఉంటే క్లబ్‌లో రెండో పరిచయం మొదటి వారంలోనే ఏర్పడుతుంది.

ఎవరు పనికొస్తారు? చేరి రెండు మూడేళ్లయినవాళ్లు. ప్రెసిడెంట్, సెక్రటరీ వద్దు, వాళ్లకు తీరికుండదు. ఒకే వైపు ఉండేవాళ్లయితే మరీ మంచిది. ఉప్పల్‌లో ఉండే ఆవిడకు మియాపూర్‌లో ఉండే తోడును పెడితే ఫోన్‌లోనే సరిపోతుంది. అదే తార్నాకలో ఉండేవాళ్లయితే కారులో కలిసి వస్తారు. ఆ ప్రయాణంలో మాట్లాడుకునే అరగంట మూడు మీటింగుల కంటే ఎక్కువ పని చేస్తుంది. మహిళా సభ్యులకు, వాళ్లు వేరేలా కోరితే తప్ప, తోడుగా మహిళలనే పెట్టండి.

తోడు చేయాల్సినవి మూడు నెలల పాటు ఇవి: ప్రతి మీటింగ్‌కి ముందురోజు ఫోన్. మీటింగ్‌లో పక్క కుర్చీ. ప్రతిసారీ ఇద్దరు కొత్త వ్యక్తులకు పరిచయం. అంతే. ఇంతకంటే ఎక్కువ రాస్తే తోడు కూడా మానేస్తారు.

క్లబ్ చిన్నదై అందరికీ తోడు దొరక్కపోతే ఇద్దరు కొత్తవాళ్లకు ఒకరిని పెట్టవచ్చు. ముగ్గురికి ఒకరంటే మాత్రం ఫలితం ఉండదు.

5. ప్రమాణ స్వీకారం

తేదీ. ఇన్‌స్టలేషన్ సభలోనే కొత్తవాళ్ల ప్రమాణం కూడా కలిపేయడం అందరూ చేసే తప్పు. ఆ సాయంత్రం కొత్త ప్రెసిడెంట్‌ది, డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే అతిథులది. రాత్రి తొమ్మిదిన్నరకు, భోజనాల వాసన వస్తుంటే, పది మందిని వరుసలో నిలబెట్టి రెండు నిమిషాల్లో ముగిస్తారు. కొత్తవాళ్ల కుటుంబాలు వచ్చి చూసేది అదే. మామూలు మీటింగ్‌లో, మొదటి అంశంగా, ఒకసారికి నలుగురికి మించకుండా పెట్టండి. ఇన్‌స్టలేషన్‌లోనే తప్పదంటే ముఖ్య అతిథి ప్రసంగానికి ముందు పెట్టించండి.

లయన్స్, రొటరీల్లో క్లబ్ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. చాలా ఏళ్లు అది ఆషాఢంలో పడుతుంది. కొత్త పని ఆషాఢంలో వద్దనుకునే ఇళ్లున్నాయి. వాదించకుండా శ్రావణంలో తేదీ ఇవ్వండి.

ముందురోజు అడగాల్సినవి. పేరు ఎలా పలకాలి? కుటుంబం నుంచి ఎవరు వస్తున్నారు? భోజనం శాకాహారమా, ఉపవాసం ఏమైనా ఉందా? జ్యోతి ప్రజ్వలనలో పాల్గొంటారా? ఇది అడగడం ముఖ్యం. వేరే మతం వాళ్లను అడగకుండా దీపం దగ్గరకు పిలిచి చేతిలో కొవ్వొత్తి పెడితే, అందరి ముందూ కాదనలేక ఇబ్బంది పడతారు. "వద్దండి" అంటే అక్కడితో వదిలేయండి. దీపం దగ్గర చెప్పులు తీయాలా వద్దా అన్నది కూడా ముందే చెప్పండి. కొత్త మనిషి వేదిక మీద బూట్ల లేసులు విప్పుకుంటూ నిలబడే పరిస్థితి రాకూడదు.

క్రమం. నలుగురికి కలిపి 20 నిమిషాల లోపు:

1. స్పాన్సర్ పరిచయం, ఒక్కొక్కరికి ఒక నిమిషం. ఊరు, వృత్తి, ఏ పని చేయాలని వచ్చారు. హోదాలు, ఆస్తులు, బిరుదులు వద్దు. ఒకరి పరిచయం నాలుగు నిమిషాలు, పక్కవారిది అర నిమిషం అయితే ఆ రెండోవారు ఎప్పటికీ మరచిపోరు. కాగితం మీద రాసుకుని చదవమనండి.
2. కొత్త సభ్యుల్నీ, వాళ్ల జీవిత భాగస్వాముల్నీ వేదిక మీదకు పిలవడం. సభ్యులంతా లేచి నిలబడాలి.
3. ప్రమాణం. చదివించేవారు నాలుగైదు మాటలకు ఒకసారి ఆగాలి. ఒకే ఊపిరిలో రెండు వాక్యాలు చదివితే వెనకాల చెప్పేవాళ్లకు గొణుగుడే మిగులుతుంది.
4. పిన్ను, ఎడమ వైపు. స్పాన్సర్ గానీ, జీవిత భాగస్వామి గానీ పెట్టాలి. స్త్రీలకు పురుషులు పిన్ను గుచ్చడానికి ముందుకు రాకండి, చేతికివ్వండి.
5. ధ్రువపత్రం, ఫొటో. ఒక్కొక్కరికీ విడిగా ఒకటి, అందరికీ కలిపి ఒకటి.
6. మాట్లాడాలనుకునేవాళ్లకు ఒక నిమిషం. ముందే అడగండి, మైకు బలవంతంగా చేతిలో పెట్టకండి.
7. వేదిక దిగాక సభ్యులు వరుసగా వచ్చి తమ పేరు చెప్పి నమస్కారం పెట్టాలి. తర్వాత కొత్తవాళ్లు తోడు పక్కన కూర్చుంటారు.

మీ అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన ప్రమాణం ఉంటే దానినే చదివించండి. సొంతంగా నడిచే సేవా సంఘమైతే ఇలా రాసుకోవచ్చు. గీతలున్న చోట ఆగాలి:

"నేను, ఫలానా, / ఈ క్లబ్‌లో / సభ్యుడిగా చేరుతున్నాను. / నాకు వీలైన సమయాన్ని / సేవకు ఇస్తాను. / రాలేని రోజు / ముందే తెలియజేస్తాను. / ప్రజల సొమ్ముకు / ప్రతి పైసాకీ / లెక్క చెబుతాను. / క్లబ్ పేరును / సొంత లాభానికి వాడుకోను. / తోటి సభ్యుల్ని / గౌరవంగా చూస్తాను."

స్త్రీలకు "సభ్యురాలిగా" అని మార్చిన కాగితం విడిగా ఉంచుకోండి. తెలుగు రానివాళ్లుంటే హిందీలోనో, ఉర్దూలోనో, ఇంగ్లీషులోనో చెప్పనివ్వండి. అర్థం కాని భాషలో ప్రమాణం చేయించకండి. రొటరీలో నాలుగు ప్రశ్నల పరీక్ష చదివే అలవాటు ఉంది. 1932లో హెర్బర్ట్ టేలర్ రాసినది: ఇది నిజమా? సంబంధించిన వారందరికీ న్యాయమేనా? సద్భావాన్నీ, స్నేహాన్నీ పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? తెలుగులో చదివితే సభలో కూర్చున్న పెద్దవాళ్లకూ అందుతుంది.

శాలువాలు అవసరమా? మా అభిప్రాయంలో వద్దు. ఆ డబ్బుతో అదనపు పిన్ను, మంచి బ్యాడ్జి చేయించండి. శాలువా బీరువాలోకి వెళ్తుంది, బ్యాడ్జి ప్రతి మీటింగ్‌కీ వస్తుంది.

6. మొదటి 48 గంటలు

మర్నాడు ఉదయం తోడు ఫోన్ చేయాలి. "నిన్న ఎలా అనిపించింది? ఇంట్లో వాళ్లేమన్నారు?" అని. రెండు నిమిషాల మాట.

ఒక్క వాట్సాప్ గ్రూపులోనే చేర్చండి. క్లబ్ గ్రూపు, బోర్డు గ్రూపు, జోన్ గ్రూపు, డిస్ట్రిక్ట్ గ్రూపు అన్నిటిలోనూ ఒకే రోజు చేరిస్తే మర్నాటికి వందల మెసేజ్‌లు. అన్నీ మ్యూట్‌లో పెట్టేస్తారు. అసలు మీటింగ్ కబురు కూడా అందులోనే మునిగిపోతుంది. గ్రూపులో పెట్టే పరిచయం ఇలా ఉండొచ్చు:

"మన క్లబ్‌లోకి కొత్తగా వచ్చిన ఫలానా గారికి స్వాగతం. ఉండేది మల్కాజిగిరి. వృత్తి ఫిజియోథెరపీ. పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులకు వ్యాయామ శిబిరం పెట్టాలని ఉందట. ఆ పనిలో కలిసి వచ్చేవాళ్లు ఆవిడతో మాట్లాడండి."

వట్టి "స్వాగతం" అని రాస్తే జవాబుగా నలభై పూలగుత్తులు వస్తాయి. పని పేరు రాస్తే ఇద్దరైనా నిజంగా ఫోన్ చేస్తారు.

7. ముప్పై రోజుల్లోగా ఒక పని అప్పగించండి

కొత్తవాళ్లు నిలబడతారా లేదా అన్నది ఎక్కువగా ఈ మెట్టు మీదే ఆధారపడుతుంది. పని చిన్నదై ఉండాలి, ఒక పూటలో ముగిసేదై ఉండాలి, అది లేకపోతే కార్యక్రమం ఆగిపోయేంత అవసరమైనదై ఉండాలి. ఫొటోలో బ్యానర్ పట్టుకోవడం పని కాదు.

*రక్తదాన శిబిరంలో:* నమోదు బల్ల అప్పగించండి. ముందురోజు ఈ అంకెలు ఒక కార్డు మీద రాసివ్వండి: వయసు 18 నుంచి 65, మొదటిసారి ఇచ్చేవాళ్లయితే 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు. హిమోగ్లోబిన్ కనీసం 12.5. పురుషులు ఇంతకుముందు ఇచ్చి 90 రోజులు, స్త్రీలు 120 రోజులు దాటి ఉండాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లను ముందు టిఫిన్ దగ్గరకు పంపాలి. రక్తం తీసుకోవచ్చా లేదా అన్నది బ్లడ్ బ్యాంకు డాక్టరే తేలుస్తారు, నమోదు బల్ల దగ్గర వాదన వద్దు. రక్తం ఇచ్చినవాళ్లను పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, పండ్లరసం తాగించి పంపడానికి ఇంకొకరు ఉండాలి. కొత్తవాళ్లు ఇద్దరుంటే రెండో పని ఇదే.

*బడిలో కంటి పరీక్షలకు:* స్నెలెన్ చార్టుకూ (వరుస వరుసకూ చిన్నవయ్యే అక్షరాల పట్టిక) పిల్లలు నిలబడే గీతకూ మధ్య 6 మీటర్లు టేపుతో కొలిచి, సుద్దతో గీత గీయడం. చార్టు పిల్లల కళ్ల ఎత్తులో, వెలుతురు బాగా పడేలా ఉండాలి. ఒక కన్ను మూసేటప్పుడు వేళ్లతో నొక్కకుండా అట్టముక్కతో మూయించాలి. నొక్కితే ఆ కన్ను తర్వాత కాసేపు మసకగా కనిపించి లెక్క తప్పుతుంది. గీత తప్పు చోట గీస్తే ఆ రోజు పరీక్షలన్నీ వృథా. అందుకే మొదటి గీత దగ్గర పాత సభ్యుడు ఒకసారి టేపు పెట్టి సరిచూడాలి.

*చలివేంద్రంలో:* ఒక వారం కుండల బాధ్యత. రోజూ పొద్దున్నే కుండ ఖాళీ చేసి కడగాలి. మూత ఉండాలి. పొడుగు కాడ ఉన్న గరిటెతోనే నీళ్లు తీయాలి, గ్లాసు ముంచకూడదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కుండ ఖాళీ కాకుండా చూడాలి. పొద్దున నింపేసి వెళ్లిపోవడమే చాలా చలివేంద్రాల్లో జరిగే తప్పు. ఎండ మండే వేళకు అడుగున నాలుగు గ్లాసుల నీళ్లుంటాయి.

*ప్రభుత్వాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం:* సూపరింటెండెంట్ అనుమతి తెచ్చే పని సెక్రటరీది. కొత్తవాళ్లకు వరుస చూసే పని ఇవ్వండి. పొట్లం అందుకుంటున్నవాళ్ల ముఖాలు ఫొటో తీయకూడదని మొదటి రోజే చెప్పండి. ఆకలితో చేయి చాపిన మనిషి ముఖం మన పోస్టర్ మీద ఉండకూడదు.

పని అయ్యాక ప్రెసిడెంట్ తర్వాతి మీటింగ్‌లో పేరుపెట్టి చెప్పాలి: "ఆ రోజు నమోదు బల్ల ఆవిడే చూశారు, ఒక్క ఫారం కూడా పోలేదు." అంత చాలు.

చేయకూడనివి రెండు. ఒకటి, మొదటి పనిగా చందా వసూలు అప్పగించడం. రెండోది, మనిషి చురుగ్గా ఉన్నాడని ఆరు నెలలైనా కాకుండానే ట్రెజరర్‌ని చేసేయడం. లెక్కలు నెత్తిన పడ్డ మనిషి ఏడాది తిరిగేసరికి అలసిపోయి వెళ్లిపోతాడు.

8. పరిచయ తరగతి

చేరిన నెల లోపు, ఎవరి ఇంట్లోనైనా, టీ తాగుతూ గంట సేపు. చరిత్రకు అయిదు నిమిషాలు చాలు: రొటరీ 1905లో, లయన్స్ 1917లో షికాగోలో మొదలయ్యాయి. వాసవి క్లబ్ 1961లో మన హైదరాబాదులోనే పుట్టింది. మిగతా సమయం బోర్డు అంటే ఎవరు, జోన్ అంటే ఏమిటి, మన క్లబ్ ఇప్పుడు ఏ పనులు చేస్తోంది అన్నవాటికి. పదిహేను నిమిషాలు లెక్కలకు ఇవ్వండి. సభ్యుల చందాలు, అంటే నిర్వహణ సొమ్ము, ఒక ఖాతా. ప్రజల దగ్గర సేకరించిన సేవా సొమ్ము ఇంకో ఖాతా. రెండోది మీటింగ్ భోజనాలకు వాడకూడదు. పోయిన ఏడాది లెక్క కాగితం చూపించండి. లెక్క చూసిన మనిషికి క్లబ్ తనది అనిపిస్తుంది.

9. ఫలితం ఎలా సరిచూసుకోవాలి

30, 60, 90 రోజులకు తోడు, సెక్రటరీ కలిసి పది నిమిషాలు కూర్చోండి. ఒక్కో కొత్త సభ్యుడి పేరు పక్కన ఇవి రాయండి:

- 30 రోజులకు: ఒక పని చేశారా? బ్యాడ్జి, పిన్ను, ధ్రువపత్రం, చందా రసీదు అన్నీ చేతికి అందాయా?
- 60 రోజులకు: స్పాన్సర్, తోడు కాకుండా ఆరుగురు సభ్యుల పేర్లు చెప్పగలరా? నేరుగా ఆయన్నే అడగండి. ముగ్గురు కూడా రాకపోతే పరిచయాలు జరగలేదని అర్థం. తర్వాతి మీటింగ్‌లో కుర్చీలు మార్చండి.
- 90 రోజులకు: సగానికి పైగా మీటింగులకు వచ్చారా? ఏదైనా ఒక పని తనంతట తానుగా అడిగారా? ఇంట్లోవాళ్లు ఒకసారైనా వచ్చారా?

వరుసగా రెండు మీటింగులు రాకపోతే మూడోదాని కోసం చూడకుండా ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు?" అని కాదు. "రెండుసార్లు మీరు కనబడలేదు, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని. జవాబులో అసలు కారణం బయటపడుతుంది. దూరమైతే దగ్గరి క్లబ్‌కి మార్పించండి. రాత్రిపూట వీలుకాకపోతే ఆదివారం కార్యక్రమాలకే రమ్మనండి. డబ్బు ఇబ్బందైతే కంతులుగా తీసుకోండి, ఆ మాట ట్రెజరర్ దాటి పోకూడదు.

నిజంగానే మానేస్తానంటే బతిమాలి ఆపకండి, కోపంగా గ్రూపులోంచి తీసేయకండి. ఒక చిన్న రాజీనామా ఉత్తరం తీసుకుని, బాకీలు తేల్చి, చేసిన పనికి కృతజ్ఞత చెప్పి పంపండి. తర్వాతి రక్తదాన శిబిరానికి కబురు పంపొచ్చా అని అడగండి, చాలామంది సరేనంటారు. రొటరీలో జూలై 1, జనవరి 1 నాటికి జాబితాలో ఉన్న పేర్ల లెక్కన బిల్లు వస్తుంది. కాబట్టి వెళ్లిపోయినవాళ్ల పేరు జూన్ ఆఖరుకు, డిసెంబర్ ఆఖరుకు ముందే తీయించండి. మరచిపోతే ఆ ఆరు నెలల చందా క్లబ్ మీదే పడుతుంది.